సోమ, బుధ, శుక్రవారాల గోళీ

సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. 250 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్. ఆ రోజు దగ్గున్నా లేకున్నా, జ్వరమున్నా లేకున్నా వేసుకోవాల్సిందే. ఇలా ఆరు నెలలు, కొందరికి ఏడాది, ఇంకొందరికి అంతకు మించి. ఛాతీ డాక్టరు ఈ మాట అనగానే రోగి కంటే ముందు పక్కన నిలబడ్డ కొడుకో కోడలో బెదిరిపోతారు. అన్ని నెలలు యాంటీబయాటిక్ వాడితే ఒంట్లో ఇంకేం మిగులుతుంది సార్ అంటారు.

ఆ భయం న్యాయమైనదే. కానీ అదే ఇంట్లో, ఛాతీ పట్టేసినప్పుడల్లా మెడికల్ షాపుకెళ్లి మూడు గోళీల స్ట్రిప్ తెచ్చుకోవడానికి ఎవరూ భయపడరు. అజిత్రోమైసిన్ 500, మూడు రోజులు, అంతే. ఏడాదిలో నాలుగైదుసార్లు. 2019లో దేశంలోని ప్రైవేటు మార్కెట్లో అన్నిటికంటే ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ ఈ 500 మిల్లీగ్రాముల గోళీయేనని 2022లో లాన్సెట్ ఆగ్నేయాసియా పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బున్న మనిషికి ఈ మూడు రోజుల స్ట్రిప్ దేనికీ చాలదు. జబ్బు ముదిరినప్పుడు మార్గదర్శకాలు చెప్పే చికిత్స సాధారణంగా 14 రోజులు. ముదరకుండా ఆపాలంటే నెలల తరబడి, లెక్క ప్రకారం వాడాలి. మూడు రోజుల వాడకంలో చికిత్సా పూర్తికాదు, నివారణా జరగదు. సూక్ష్మజీవులకు మందు రుచి మాత్రం తెలిసిపోతుంది.

ఇక్కడ చెబుతున్న జబ్బు పేరు బ్రాంకియెక్టాసిస్. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే దీన్ని వర్ణించాడు. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకెళ్లే గొట్టాల గోడలు ఏదో పాత జబ్బుతో దెబ్బతిని, వెడల్పయి, ఇక మామూలుకు రాకుండా ఉండిపోతాయి. గట్లు కోసుకుపోయిన చెరువు కాలువలో అక్కడక్కడ గుంటలు పడి నీరు నిలిచినట్టు, ఆ వెడల్పయిన చోట్ల తెమడ నిలుస్తుంది. అక్కడ సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాటిని చంపడానికి వచ్చిన తెల్లరక్తకణాలు వదిలే రసాయనాలు గొట్టం గోడనే ఇంకొంచెం తినేస్తాయి. గోడ పాడైనకొద్దీ తెమడ ఇంకా నిలుస్తుంది. 1986లో బ్రిటిష్ వైద్యుడు పీటర్ కోల్ దీన్నొక విషవలయంగా వివరించాడు. అప్పటినుంచీ ఈ జబ్బు చికిత్సంతా ఆ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపే ప్రయత్నమే.

రోగికి తెలిసేది వేరే. పొద్దున లేవగానే గుక్క తిప్పుకోనివ్వని దగ్గు, పసుపూ పచ్చా కలిసిన కళ్లె, అప్పుడప్పుడు అందులో నెత్తుటి చార, మెట్లెక్కితే ఆయాసం. బస్సులో పక్కసీటు మనిషి లేచి వెళ్లిపోవడం. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు పోవడం తనే మానుకోవడం. బంధువుల్లో ‘ఆయనకింకా టీబీ పోలేదంట’ అన్న మాట.

పాత టీబీ మచ్చలు

ఆ మాటలో ఒక ముక్క నిజం ఉంది. టీబీ పోయి ఉంటుంది, అది చేసిన గాయం పోదు. మన దేశంలో బ్రాంకియెక్టాసిస్‌కు అన్నిటికంటే పెద్ద కారణం పాత టీబీయే. 31 కేంద్రాల నుంచి 2,195 మంది రోగుల వివరాలు సేకరించిన జాతీయ రిజిస్ట్రీ ఫలితాలు 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. వారిలో 35.5 శాతం మందికి టీబీ వల్లే ఈ జబ్బు వచ్చింది. యూరప్ రోగులతో పోలిస్తే మనవాళ్లు వయసులో చిన్నవాళ్లు, మగవాళ్ల పాలు ఎక్కువ. అంటే ఇంకా పనిచేసి ఇల్లు నడపాల్సిన వయసులో ఉన్నవాళ్లు.

అందుకే ఈ జబ్బు గురించి రాయడానికి హైదరాబాద్ తూర్పు చివర సరైన చోటు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల చుట్టూ దశాబ్దాలుగా పనికోసం వచ్చినవాళ్లు ఇరుకు గదుల్లో కాపురాలుంటున్నారు. గాలీ వెలుతురూ సరిగా లేని గదుల్లో టీబీ ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి తోడు ధూళి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. వరంగల్ రోడ్డు మీద రోజూ తిరిగే మనిషికి ఆ దుమ్ము సంగతి తెలుసు. గొట్టాలు బాగున్నవాడు నాలుగు రోజులు దగ్గి ఊరుకుంటాడు. గొట్టాలు పాడైనవాడికి అదే దుమ్ము నెమ్ముగా మారి మంచం పట్టిస్తుంది.

ఇక్కడ జరిగే ఇంకో అన్యాయం ఉంది. పదేళ్ల కిందట టీబీ కోర్సు పూర్తి చేసిన మనిషి మళ్లీ దగ్గుతో ఆసుపత్రికి వెళ్తాడు. ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపిస్తుంది. తెమడ పరీక్ష చేయకుండానే ‘మళ్లీ టీబీ’ అని మందులు మొదలవుతాయి. నెలల తరబడి కాలేయం మీద బరువు, జీతం కోత, ఇంట్లో వేరే గ్లాసు. అసలు జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే. సీటీ స్కాన్‌లో వెడల్పయిన గొట్టాలు చూసి, తెమడలో టీబీ క్రిములు లేవని తేల్చుకుని, ‘నీకు టీబీ లేదు, టీబీ మిగిల్చిన జబ్బుంది’ అని చెప్పే డాక్టరు దొరికే దాకా ఈ తిప్పలు తప్పవు.

చిత్రమేమిటంటే దేశం గర్వపడే ప్రయోగశాలలు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, ఉప్పల్‌లో జన్యుపరీక్షలకు పేరున్న సీడీఎఫ్‌డీ. చిన్న వయసులో, టీబీ ఏమీ లేకుండా బ్రాంకియెక్టాసిస్ వచ్చినవాళ్లలో కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యులోపం కారణం కావచ్చు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అలాంటిదే. వాళ్లకు జన్యుపరీక్ష అవసరం. మిగిలిన ఎక్కువమందికి ముందుగా కావాల్సింది మూత గట్టిగా పట్టే ఒక ప్లాస్టిక్ డబ్బీ, అందులో పొద్దుటి తెమడ, దాన్ని ఆలస్యం కాకుండా కల్చర్‌కు పంపే మనిషి.

భీమవరం నుంచి బ్రిటన్ దాకా

నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి ఈ జబ్బును అదుపు చేయవచ్చన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. దాని మూలాల్లో ఒక తెలుగువాడి శ్రమ కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించాడు. ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1957లో, బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ తీవ్రమైన బ్రాంకియెక్టాసిస్ రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదిపాటు కొందరికి పెన్సిలిన్, కొందరికి ఆక్సీటెట్రాసైక్లిన్, కొందరికి ఉత్తుత్తి గోళీలు ఇచ్చారు. ఎక్కువ మేలు చేసింది ఆక్సీటెట్రాసైక్లిన్. ఆరియోమైసిన్ కుటుంబంలోదే ఆ మందు. ఈ రోజుకీ అజిత్రోమైసిన్ పడనివాళ్లకు డాక్టర్లు ఆలోచించే ప్రత్యామ్నాయాల్లో అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ ఒకటి. సుబ్బారావు పేరు చెప్పగానే మనకు క్యాన్సర్ మందు, ఫోలిక్ యాసిడ్ గుర్తొస్తాయి. దగ్గుతో నిద్రపట్టని మనిషి ఛాతీ దాకా కూడా ఆయన చేయి సాగిందన్న సంగతి మనం చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు.

తర్వాతి మలుపు జపాన్‌లో వచ్చింది. అక్కడ డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ అనే జబ్బు మనుషుల్ని చంపేస్తుండేది. షోజి కుడో అనే వైద్యుడు, ఆయన సహచరులు తక్కువ మోతాదు ఎరిత్రోమైసిన్‌ను నెలలు, ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 1970లలో అయిదేళ్లు బతికేవాళ్లు నూటికి 63 మంది. 1985 తర్వాత ఆ సంఖ్య 90 దాటింది. విచిత్రం ఏమిటంటే ఆ మందు చంపలేని సూడోమోనాస్ క్రిమి ఉన్నవాళ్లు కూడా కోలుకున్నారు. ఎరిత్రోమైసిన్, దాని తర్వాత వచ్చిన అజిత్రోమైసిన్ క్రిముల్ని చంపడంతో ఆగవు, గొట్టాల్లోని వాపును కూడా చల్లారుస్తాయని అప్పుడే అర్థమైంది. పైగా అజిత్రోమైసిన్ ఒంట్లో రోజుల తరబడి నిలిచి ఉంటుంది. వారానికి మూడు గోళీలు సరిపోవడానికి కారణం అదే.

గట్టి సాక్ష్యం 2012, 2013లలో వచ్చింది. న్యూజీలాండ్‌లో 141 మంది బ్రాంకియెక్టాసిస్ రోగులతో చేసిన పరీక్షలో, ఆరు నెలల కాలంలో జబ్బు ముదరడం మనిషికి సగటున ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్లలో 1.57 సార్లు, అజిత్రోమైసిన్ వేసుకున్నవాళ్లలో 0.59 సార్లు. నెదర్లాండ్స్‌లో ఏడాదిపాటు చూస్తే ఉత్తుత్తి గోళీ వేసుకున్నవాళ్లలో నూటికి 80 మందికి కనీసం ఒకసారి జబ్బు ముదిరింది. అజిత్రోమైసిన్ వేసుకున్నవాళ్లలో 46 మందికే. మందు పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. ఏడాదికి మూడుసార్లు ఆసుపత్రి పాలయ్యే కూలీకి ఒక్కసారి తగ్గినా రెండు వారాల జీతం మిగులుతుంది.

2025 ఆగస్టులో అమెరికాలో బ్రెన్సోకాటిబ్ అనే కొత్త గోళీకి అనుమతి వచ్చింది. అది యాంటీబయాటిక్ కానే కాదు. తెల్లరక్తకణాల్లో గొట్టం గోడల్ని తినే ఎంజైముల్ని అణచే మందు. నాచారం రోగి చేతికి ఇవాళ వచ్చేవి మాత్రం ఇంకా పాత గోళీలే.

మొదటి గోళీకి ముందు

నెదర్లాండ్స్ పరీక్షలోనే ఇంకో లెక్క ఉంది. ఏడాది చివర అజిత్రోమైసిన్ వాడినవాళ్ల క్రిముల్లో 88 శాతం ఆ జాతి మందులకు లొంగకుండా తయారయ్యాయి. వాడనివాళ్లలో 26 శాతమే. ఇది చిన్న ధర కాదు. అందుకే ఈ మందును ఎవరికి పడితే వారికి ఇవ్వరు. ఏడాదికి మూడు, అంతకు మించిన సార్లు జబ్బు ముదిరేవాళ్లకే అని 2017 నాటి యూరప్, 2019 నాటి బ్రిటన్ మార్గదర్శకాలు గీత గీశాయి. అది కూడా తెమడను బయటికి తెచ్చే వ్యాయామాలు సరిగా చేస్తున్నా జబ్బు ముదురుతూనే ఉన్నవాళ్లకు.

మొదటి గోళీకి ముందు జరగాల్సిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది తెమడ పరీక్ష. మామూలు కల్చర్ ఒక్కటే చాలదు. టీబీ లేదని తేలాలి. టీబీకి దాయాది లాంటి మరో జాతి మైకోబాక్టీరియా కూడా లేవని తేలాలి. అవి మట్టిలో, నీళ్లలో ఉంటాయి, పాడైన గొట్టాల్లో చేరతాయి. వాటికి ఇచ్చే మూడు నాలుగు మందుల్లో అసలు ఆయుధం అజిత్రోమైసిన్ జాతి మందే. ఆ క్రిములు ఛాతీలో ఉండగా, తెలియక అజిత్రోమైసిన్ ఒక్కదాన్నే నెలల తరబడి ఇస్తే అవి ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. తర్వాత చికిత్స చేయబోతే చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. పాత టీబీ మచ్చలు ఇంతమందికి ఉన్న చోట ఈ పరీక్ష దాటవేయడం క్షమించరాని పొరపాటని నా గట్టి నమ్మకం. ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆగాలి. ఇన్నేళ్లు దగ్గిన మనిషికి ఆ కొన్ని వారాల ఆలస్యం వల్ల వచ్చే నష్టం తక్కువ.

రెండోది ఈసీజీ. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుందని 2013 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అప్పటికే అలాంటి మందు ఇంకోటి వేసుకుంటుంటే ప్రమాదం పెరుగుతుంది. వాంతులకు వేసుకునే డోంపెరిడోన్, ఒండాన్‌సెట్రాన్, గుండెకు వాడే అమియోడరోన్, ఛాతీకి ఇచ్చే లీవోఫ్లాక్సాసిన్ అలాంటివే. గ్యాస్ గోళీ అని మనం తేలిగ్గా తీసుకునే వాటిలో కొన్నిట్లో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. కాబట్టి ఇంట్లో వాడే ప్రతి మందు స్ట్రిప్‌ను సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టడం మంచిది.

మూడోది చెవులు. సీఓపీడీ అనే మరో దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బున్న 1,142 మందితో అమెరికాలో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో ఏడాదిపాటు రోజూ అజిత్రోమైసిన్ వాడినవాళ్లలో 25 శాతం మందికి వినికిడి తగ్గింది. వాడనివాళ్లలో 20 శాతం మందికి. తేడా చిన్నదే కావచ్చు. కానీ మిషన్ల మోతలో ఇరవై ఏళ్లు పనిచేసిన నాచారం ఆపరేటర్‌కు ఉన్న వినికిడే అంతంత మాత్రం. చెవిలో గుయ్యిమన్నా, టీవీ సౌండు పెంచాల్సి వస్తున్నా వెంటనే చెప్పాలి. ఆ పరీక్షే మరో సంగతీ చెప్పింది. సీఓపీడీ ఉండి ఇంకా బీడీ, సిగరెట్ మానని వాళ్లకు ఈ మందు వల్ల పెద్దగా లాభం కనిపించలేదు. కాలేయం పరీక్ష, విరేచనాలు, కడుపులో తిప్పడం లాంటివి డాక్టర్లు ఎలాగూ చెబుతారు.

వీటన్నిటికంటే ముందుది, మందు కానిది ఒకటుంది. రోజూ తెమడను బయటికి తేవడం. నెమ్మదిగా నాలుగైదు ఊపిర్లు, ఛాతీ నిండా ఒకటి రెండు, తర్వాత గొంతు తెరిచి ఉంచి ‘హా’ అంటూ బలంగా ఊపిరి వదలడం. పొద్దున పది పదిహేను నిమిషాలు, సాయంత్రం అంతే. అవసరమైతే ఉప్పునీటి నెబులైజేషన్, ఊదితే గొట్టాల్లో ప్రకంపన పుట్టించే చేతి పరికరం. ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. పక్కింటికి దగ్గు వినిపించే గదిలో ఉండేవాళ్లకు ఇది సిగ్గుగా ఉంటుంది. పొద్దున కుళాయి నీళ్ల వేళ, అందరూ లేచాక చేసుకోమని చెప్పే ఇంటిమనిషి తోడుంటే సగం పని అయినట్టే. మన దేశంలో రోగులకు ఈ వ్యాయామాలూ, తెమడ పరీక్షలూ అందాల్సినంతగా అందడం లేదని ఆ 2019 రిజిస్ట్రీ కూడా చెప్పింది. రోగికి గోళీ రాయడానికి అర నిమిషం చాలు. ఊపిరి తీయడం నేర్పడానికి అరగంట కావాలి. మన ఓపీల్లో కరువైంది ఆ అరగంటే.

నీళ్లలో కలిసిన మందు

ఈ ఊరి రోగి కథలో మూసీ నదికి కూడా చోటుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం అది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు తేలింది. తర్వాతి కాలంలో ఆ కేంద్రం నీటిని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నుంచి మూసీ పారేది నాగోలు, ఉప్పల్ భగాయత్ పక్కగానే.

సిప్రోఫ్లాక్సాసిన్ పేరు ఇక్కడ ఎందుకు ముఖ్యమంటే, బ్రాంకియెక్టాసిస్ రోగికి అన్నిటికంటే మొండి శత్రువు సూడోమోనాస్. దాన్ని నోటిమందుతో చంపగల జాతి దాదాపు ఇదొక్కటే. అది పనిచేయకపోతే ఇక సూదులే, ఆసుపత్రి మంచమే. నెబులైజర్‌లో పీల్చే కొలిస్టిన్ మరో దారి. ఆ కొలిస్టిన్‌నే కోళ్లకూ పశువులకూ వాడేవాళ్లు. 2019లో కేంద్రం ఆ వాడకాన్ని నిషేధించింది. మంచి పని. మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత ఉండవచ్చో పరిమితులు పెడుతూ 2020లో వచ్చిన ముసాయిదా మాత్రం, 2021లో తుది నిబంధనలుగా వచ్చేసరికి ఆ పరిమితుల్ని వదిలేసింది. మందు తయారుచేసే ఊరి రోగికే ఆ మందు పనిచేయని రోజు రాకూడదు. లోపల వారానికి మూడు గోళీలు లెక్కపెట్టి మింగుతున్న మనిషికి, బయట లెక్కలేకుండా పారుతున్న మందు గురించి అడిగే హక్కు అందరికంటే ఎక్కువ ఉంది.

ఆర్నెల్ల లెక్క

మొదలుపెట్టాక చేయాల్సినవి తక్కువే, కానీ వదలకూడనివి. గోళీ రోజును మరిచిపోతే మరునాడు వేసుకోవచ్చు, రెండు కలిపి వేసుకోకూడదు. ఎసిడిటీ సిరప్ తాగితే రెండు గంటల ఎడం ఉండాలి. ఫ్లూ టీకా, నిమోనియా టీకా వేయించుకోవాలి.

నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లే కార్మికుడికి ఇంకో చిక్కుంది. నెలకు 21 వేల లోపు జీతమున్న వాళ్లకు ఈఎస్‌ఐ ఉంటుంది. కాంట్రాక్టు తెగి, పని మారి, చందా ఆగిపోతే మందు కూడా ఆగిపోవచ్చు. అలా ఆగితే సొంతంగా షాపులో కొని సగం సగం వాడటం కంటే పూర్తిగా మానేసి, మళ్లీ డాక్టరును కలిసినప్పుడు ఆ సంగతి చెప్పడమే నయం. సూపర్‌వైజర్లు, హెచ్ఆర్ వాళ్లు ఈ పేజీ చదువుతుంటే ఒక మనవి: కార్డు మారే నెలలో ఆ మనిషి కాగితాలు ఆలస్యం చేయకండి.

గోళీలు వాడుతుండగానే జబ్బు ముదరవచ్చు. దగ్గు, తెమడ పరిమాణం, రంగు, ఆయాసం, నీరసం, నెత్తురు, వీటిలో మూడో అంతకంటే ఎక్కువో రెండు రోజులకు మించి మారితే ముదిరినట్టు. అప్పుడు ముందు డబ్బీలో తెమడ, ఆ తర్వాతే కొత్త యాంటీబయాటిక్. ఆ కొత్తది సిప్రోఫ్లాక్సాసినో లీవోఫ్లాక్సాసినో అయితే ఆ రోజుల్లో అజిత్రోమైసిన్ ఆపాలా అని అడిగి తెలుసుకోవాలి. నెత్తురు చారగా కాక గుక్కలుగా పడితే ఇవేవీ చూడకుండా ఎమర్జెన్సీకి పోవాలి.

ఆరు నెలలకు డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు చూడాల్సినవి రెండు అంకెలు. గోళీ మొదలు కాకముందు ఆరు నెలల్లో జబ్బు ఎన్నిసార్లు ముదిరింది, మొదలయ్యాక ఎన్నిసార్లు. క్యాలెండర్ మీద తేదీకి చుట్టూ గీసిన గీతలు చాలు. రెండో అంకె తగ్గితే ఈసీజీ, చెవులు, తెమడ మళ్లీ చూసి కొనసాగించాలా, కొన్నాళ్లు విరామమివ్వాలా అని డాక్టరు ఆలోచిస్తారు. తగ్గకపోతే గోళీ ఆపేయాలి. ఆ మాట డాక్టరు అనకపోతే రోగి అడగాలి.